జంతు చట్టాలన్నీ ఒకే పుస్తకంలో: కుక్కల భాగానికి మెచ్చుకోలు, శిక్షల భాగానికి మొట్టికాయలు

ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఇరుక్కున్నవాళ్ళు, వీధికుక్కలకి అన్నం పెట్టేవాళ్ళు, ఆ పెట్టేవాళ్ళతో రోజూ గొడవపడేవాళ్ళు, ఈ మూడు రకాలవాళ్ళూ కొనుక్కోవచ్చు. పోలీసు కేసు పెట్టాలనుకునేవాళ్ళు మాత్రం ఈ పుస్తకం ఒక్కదాన్నే నమ్ముకుని స్టేషన్ మెట్లెక్కొద్దు. ఐదుకి మూడు ఇస్తున్నాను, అందులో రెండున్నర కుక్కల భాగానికే.

ఇంతకీ ఏమిటీ పుస్తకం అంటే, జంతువుల విషయంలో మన రాష్ట్రంలో వర్తించే కేంద్ర చట్టాలు, రాష్ట్ర చట్టాలు, వాటి కింద వచ్చిన నిబంధనలు, కోర్టు తీర్పుల్లో ముఖ్యమైన ముక్కలు అన్నీ ఒకచోట చేర్చిన సంకలనం. ప్రతి చట్టానికీ ముందు తెలుగులో సారాంశం, తర్వాత ఇంగ్లీషులో మూలం. వైజాగ్ కోర్టు దగ్గర లా పుస్తకాలు అమ్మే షాపులో దొరికింది. ఆరువందల పేజీల పైమాటే. ధర 650, బేరమాడితే 580కి ఇచ్చాడు. పుస్తకం పేరూ వేసినవాళ్ళ పేరూ రాయడం లేదు. ఎవరో ఇద్దరు ముగ్గురు కూర్చుని చెమటోడ్చి చేసిన పని అని చూడగానే తెలుస్తుంది, కింద నేను పెట్టబోయే చీవాట్లకి వాళ్ళ పేరు తగిలించడం బాగోదు.

మాది ఎం.వి.పి. కాలనీలో పాతకాలం అపార్ట్‌మెంట్. రెండో అంతస్తులో ఉండే మామ్మగారు రాత్రి భోజనాలయ్యాక మిగిలిన అన్నంలో పెరుగు కలిపి గేటు ముందు నాలుగు కుక్కలకి పెడతారు. గ్రౌండ్ ఫ్లోర్ ఆయనకి ఐదేళ్ళ పాప ఉంది. సరిగ్గా ఆ టైముకే ఆయన పాపని ట్యూషన్ నుంచి తీసుకొస్తాడు. ఇక చూడండి. "మీ పుణ్యం కోసం మా పాపని కరిపిస్తారా మామ్మగారూ?" అని ఆయన, "కరిస్తే నన్నే కరవాలి నాయనా, గిన్నె పట్టుకుని దగ్గర నిలబడేది నేనేగా" అని ఆవిడ. అసోసియేషన్ సెక్రటరీ పదవి ఎవరూ తీసుకోకపోతే నా నెత్తిన పడింది కాబట్టి ఇద్దరూ కలిసి నా తలుపు కొట్టారు, రూల్ ఏంటో చెప్పండి అని. ఒకరేమో వాట్సాప్‌లో వచ్చిన తీర్పు చూపిస్తారు, ఇంకొకరు దానికి పూర్తిగా ఎదురు చెప్పే ఇంకో తీర్పు చూపిస్తారు, రెండూ నిజమే. ఆ టెన్షన్ భరించలేక కొన్న పుస్తకం ఇది.

ఆ ఒక్క పని మాత్రం అద్భుతంగా చేసింది. 2023 మార్చిలో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో 20వ నిబంధన వీధి జంతువులకి తిండి పెట్టడం గురించే ఉంది. ఆ నిబంధన సారాంశం ఒక్క పేజీలో, ఏడో తరగతి పిల్లాడికి కూడా అర్థమయ్యేలా రాశారు. తిండి పెట్టొద్దని అందులో ఎక్కడా లేదు. అలాగని ఎక్కడపడితే అక్కడ పెట్టొచ్చనీ లేదు. చోటు చూపించాల్సిన బాధ్యత అపార్ట్‌మెంట్ సంఘానిది, లేదా అక్కడి స్థానిక సంస్థ ప్రతినిధిది. ఆ చోటు పిల్లలు ఆడుకునే స్థలానికి, మెట్లకి, రాకపోకల దారులకి దూరంగా ఉండాలి. వేళ కూడా పిల్లలు, పెద్దవాళ్ళు తిరిగే సమయం కాకుండా చూసుకోవాలి. తిండి పెట్టేవాళ్ళు చెత్త చేయకూడదు. గొడవ తేలకపోతే పశువైద్యాధికారి, పోలీసు ప్రతినిధి, జంతు సంక్షేమ సంస్థవాళ్ళు, ఫిర్యాదు చేసినవాళ్ళు, సంఘం ప్రతినిధి అందరూ ఉండే ఒక కమిటీ తేల్చాలి. ఈ పేజీ ఇద్దరి ముందూ పెట్టి చదివాను. "అంటే ఆపమని ఎక్కడా లేదన్నమాట" అని గ్రౌండ్ ఫ్లోర్ ఆయన నీరుగారిపోయాడు. "గేటు ముందు కుదరదని కూడా ఉంది కదండీ" అని మామ్మగారికి చెబితే ఆవిడ కాస్త గొణిగి, కళ్ళజోడు తీసుకొచ్చి తనే ఇంకోసారి చదువుకున్నారు. మొత్తానికి వెనక సందులో ఖాళీ స్థలం ప్రహరీ పక్కన, రాత్రి తొమ్మిదిన్నర దాటాక, గిన్నెలు తిరిగి తీసుకెళ్ళే షరతు మీద ఒప్పందం కుదిరింది. కమిటీ దాకా వెళ్ళే పని పడలేదు. 580 రూపాయలు అక్కడికే గిట్టుబాటైపోయాయి అనుకోండి.

కుక్కల భాగం మిగతాది కూడా బాగానే ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లోనే వీధికుక్కల్ని ప్రత్యేకమైన గదుల్లో చంపడానికి వీలు కల్పించే ఒక మినహాయింపు ఉంది, చాలామందికి తెలియదు. తర్వాత అదే చట్టం కింద 2001లో కుక్కల జనన నియంత్రణ నిబంధనలు వచ్చాయి, చంపడం కాదు, పట్టుకుని ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలండి అన్నాయి. 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. మన దగ్గర ఎవరిని అడిగినా "కుక్కల బండి వచ్చి పట్టుకెళ్తుంది, మళ్ళీ తెచ్చి ఇక్కడే పడేస్తుంది, ఏం లాభం?" అంటారు కదా, ఆ 'ఇక్కడే' ఎందుకో ఈ పుస్తకం రెండు పేరాల్లో చెప్పింది. చెత్తకుండీ అలాగే ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటుకి పక్క వీధి నుంచి కొత్తవి వస్తాయి, వాటికి ఆపరేషనూ ఉండదు, టీకా ఉండదు. ఆపరేషన్ అయినదానికి గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. ఆ చెవి ఎలా ఉంటుందో చూపించే చిన్న బొమ్మ వేశారు, పుస్తకం మొత్తంలో ఉన్న బొమ్మ అదొక్కటే. నేను కిందికి దిగి మా నాలుగింటినీ ఆ బొమ్మతో పోల్చి చూశాను. నల్లదానికీ, తోక వంకరదానికీ చెవి కొస కత్తెరతో కోసినట్టు తిన్నగా ఉంది, మిగతా రెండింటికీ లేదు. ఒకటి ఇంకా పిల్లే, ఆరు నెలలు దాటనివాటిని ఆపరేషన్ కోసం పట్టుకోకూడదని నిబంధన. కాబట్టి ఫిర్యాదు ఒక్క కుక్క గురించే పెట్టాలి అని తేలింది, అంతకుముందు మా గ్రూపులో "కుక్కల గుంపు" అని రాసేవాళ్ళం.

ఇక్కడ ఒక లోటుంది, అయితే దానికి పుస్తకాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. అట్ట మీద 2024 అని ఉంది. అసలు భూకంపం వచ్చింది 2025లో. ఆగస్టు 11న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచి ఢిల్లీ, చుట్టుపక్కల కుక్కలన్నింటినీ షెల్టర్లకి తరలించమంది. 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చి, ఆపరేషన్, టీకా అయ్యాక తిరిగి అక్కడే వదలమంది, రేబిస్ ఉన్నవాటినీ మీద పడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దంది, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టడం కుదరదు, నిర్ణయించిన చోట్లే పెట్టాలంది, కేసుని అన్ని రాష్ట్రాలకీ విస్తరించింది. నవంబరు 7న ఇంకో ఆదేశం, అదైతే మన ఊరికి నేరుగా తగిలేది: బడులు, కాలేజీలు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్‌స్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కల్ని తీసేయాలి, ఆపరేషన్ చేసినా సరే మళ్ళీ అక్కడ వదలకూడదు. అంటే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పట్టుకున్న కుక్కకి ఒక రూల్, మా సందులో పట్టుకున్నదానికి ఇంకో రూల్. కుక్క రోడ్డు దాటితే రూల్ మారిపోతుంది. కుక్కకేం తెలుసు పాపం. ఈ పుస్తకం కొనేవాళ్ళు ఆగస్టు 22, నవంబరు 7 ఆదేశాలు రెండూ ప్రింటు తీసుకుని ఆ అధ్యాయం దగ్గర పెట్టుకోండి, లేకపోతే సగం చదువే అవుతుంది.

పెంపుడు కుక్కల అధ్యాయం మాత్రం కోపం తెప్పించింది. 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకి ఒక లేఖ రాసింది, పిట్‌బుల్, రాట్‌వీలర్ లాంటి 23 జాతుల్ని పెంచడానికి లైసెన్సులు ఇవ్వొద్దని. ఆ లేఖని వీళ్ళు పూర్తిగా అచ్చేశారు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసిన సంగతి మాత్రం ఒక్క ముక్క లేదు. మా మూడో అంతస్తులో రాట్‌వీలర్ ఉన్న కుర్రాడు ఆ పేజీ చూసి, "అన్నా, దీన్ని ఎవరికైనా ఇచ్చేయాలా ఇప్పుడు?" అని మొహం వేలాడేశాడు. అతనికి పనికొచ్చేవి వేరే ఉన్నాయి, వాటిలో పుస్తకంలో ఉన్నవి కూడా ఎక్కడో లోపల దాక్కున్నాయి. తన పెంపుడు జంతువు వల్ల మనుషులకి ప్రమాదం జరగకుండా చూసుకోనివాడికి పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5000 దాకా జరిమానా, లేదా రెండూ. ఎప్పుడూ గొలుసుతో కట్టేసి, సరిగా తిప్పకుండా ఉంచితే అది 1960 చట్టం కింద హింస. తిప్పకపోవడం నేరం అని ప్రత్యేకంగా కుక్క పేరెత్తి రాసిన క్లాజు అది, పార్కింగ్‌లో రోజంతా కట్టేసి ఉంచే మహానుభావులందరికీ చదివి వినిపించాలి. 2017 నాటి పెంపక నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లని అమ్మకూడదు. అట్టపెట్టెలో కళ్ళు కూడా సరిగా తెరవని పిల్లల్ని పెట్టుకుని అమ్మేవాళ్ళ దగ్గర కొనేముందు ఇది గుర్తుంచుకుంటే చాలు.

ఇక శిక్షల భాగం. ఇక్కడే రెండు మార్కులూ పోయాయి. జంతువుని చంపినా, అవిటిదాన్ని చేసినా ఐపీసీ 428, 429 అని పెద్దక్షరాల్లో వేశారు. ఐపీసీ 2024 జూలై 1 నుంచి లేదు. ఆ రెండు సెక్షన్ల స్థానంలో న్యాయ సంహిత 325 వచ్చింది. పాతవాటిలో పది రూపాయల విలువ, యాభై రూపాయల విలువ అని జంతువుకి ధర కట్టే తంతు ఉండేది, కొత్తదాంట్లో ధర గోల తీసేసి ఏ జంతువుకైనా ఐదేళ్ళ దాకా జైలు అన్నారు. ఇది చిన్న మార్పు కాదు, వీధికుక్క విషయంలో పెద్ద మార్పు. 2024 అని అట్ట మీద వేసుకున్న పుస్తకంలో ఇది లేకపోతే ఎలా? గాజువాకలో ఉండే మా బావమరిది, వాళ్ళ వీధిలో ఒకడు ఇనపరాడ్డుతో కుక్క కాలు విరగ్గొడితే, నా దగ్గర ఈ పుస్తకం పట్టుకెళ్ళి ఫిర్యాదులో 429 అని రాసుకుని వెళ్ళాడు. స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే రైటర్ చదివి, "ఈ సెక్షన్ ఇప్పుడెక్కడుందండీ?" అని నవ్వి, ఫోన్‌లో 325 తీసి చూపించి తిరిగి రాయించాడట. ఆయన మంచివాడు కాబట్టి రాయించాడు. ఇంకొకరైతే కాగితం మడిచి చేతిలో పెట్టేవారు.

1960 చట్టం కింద జరిమానా గురించి మాత్రం దాచకుండా చెప్పారు. మొదటిసారి హింసకి పాల్పడితే 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. బీచ్‌రోడ్డులో కూర్చుని తినే ప్లేటు చిరుతిండికి సరిపోయే డబ్బు అది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ఈ విషయం మీద ప్రైవేటు బిల్లు పెట్టింది 1950ల్లో, దాని ఫలితంగానే 1960లో ఈ చట్టం వచ్చింది, ఆ రోజుల్లో యాభై అంటే డబ్బే. శిక్షలు పెంచుతాం అని 2022లో ముసాయిదా సవరణ బిల్లు జనం ముందు పెట్టారు, నేను ఇది రాసేనాటికి అంకెలు అవే. ఈ సంగతంతా పుస్తకంలో ఉంది, బాగా రాశారు కూడా.

కానీ ఫిర్యాదు చేసేవాడికి అన్నింటికంటే ముందు తెలియాల్సిన రెండు విషయాల్ని అందరూ దాటేసి పోయే సన్నటి అక్షరాల్లో మూలంలోనే వదిలేశారు. ఒకటి 31వ సెక్షన్: ఈ చట్టం కింద నేరాల్లో చాలావాటికి పోలీసు సొంతంగా అరెస్టు చేసి దర్యాప్తు మొదలుపెట్టలేడు. క్రూరంగా చంపడం, అవయవాలు కోయడం, జంతువుల పందాలు నిర్వహించడం లాంటి కొన్నింటికే ఆ అధికారం ఉంది. బరువు ఎక్కువ వేయడం, తిండి పెట్టకపోవడం, వదిలేసి పోవడం లాంటివాటికి లేదు. "స్టేషన్‌కి వెళ్తే పట్టించుకోలేదు" అని మనం తిట్టుకునే తిట్లలో కొన్ని నిజానికి చట్టం తినాల్సినవి. రెండోది 36వ సెక్షన్: నేరం జరిగిన మూడు నెలల్లోపు కేసు వేయాలి, దాటితే ఇక ఆ చట్టం కింద లేనట్టే. ఈ రెండూ మొదటి పేజీలో డబ్బా కట్టి వేయాల్సినవి. ఆ డబ్బాలో వీళ్ళు ఒక సంస్కృత శ్లోకం వేశారు, సరేలెండి.

ఇక రాష్ట్ర చట్టాల భాగం. కథలా చదువుకోవడానికి ఇది బలే ఉంటుంది, పనికి మాత్రం పెద్దగా రాదు. ఎందుకు ఇన్ని చట్టాలు, ఒకటి చేస్తే పోదా అని నాకు ఎప్పటినుంచో ఉండేది. ఏ విషయం మీద కేంద్రం చట్టం చేయాలో, రాష్ట్రం చేయాలో, ఇద్దరూ చేయొచ్చో పంచిపెట్టే రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లోనే ముడి పడింది. జంతుహింస నివారణ ఉమ్మడి జాబితాలో 17వది, పశుసంపద రక్షణ, పశువ్యాధులు రాష్ట్ర జాబితాలో 15వది, దారితప్పిన పశువుల్ని కట్టేసే బందెలదొడ్లు రాష్ట్ర జాబితాలో 16వది. అందుకని ఒక ఆవు రోడ్డు మీద కూర్చుంటే 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం, దానికి జబ్బు చేస్తే 2009 నాటి అంటువ్యాధుల చట్టం, దాన్ని లారీలో కుక్కితే 1978 నాటి రవాణా నిబంధనలు, కోస్తే 1977 నాటి రాష్ట్ర గోవధ నిషేధ చట్టం. ఆవు ఒక్కటే, కాగితాలు నాలుగు, ఆఫీసులు ఎన్నో. సింహాచలం అప్పన్నకి కోడెదూడని మొక్కుకోవడం మనవైపు తరతరాల ఆనవాయితీ కదా, ఆ దూడని ఆటోలో కాళ్ళు కట్టి పడేసి కొండకి తీసుకెళ్ళేవాళ్ళకి ఏ ఏ నిబంధనలు తగులుతాయో ఒక పేజీ వేసి ఉంటే మన జిల్లాలో ఎంత ఉపయోగమో. ఆ ఊసే లేదు.

మన ఊరి విషయం ఇంకా తమాషా. విశాఖపట్నం కార్పొరేషన్ అయింది 1979 చట్టంతో. ఆ చట్టం ఏం చేసిందయ్యా అంటే, 1955లో హైదరాబాద్ కార్పొరేషన్ కోసం చేసిన చట్టాన్నే ఎత్తి ఇక్కడ పెట్టింది. 2005లో చుట్టుపక్కలవి కలిసి గ్రేటర్ అయ్యాం, రాష్ట్రం విడిపోయింది, ఆ పాత చట్టానికి మన రాష్ట్రంలో ఒక పేరు, తెలంగాణలో ఇంకో పేరు వచ్చాయి, పునాది మాత్రం అదే. పక్కనున్న మునిసిపాలిటీలకి వెళ్తే 1965 నాటి వేరే చట్టం. ఈ వంశవృక్షమంతా పుస్తకంలో చక్కగా గీశారు, గీసి ఊరుకున్నారు. నా కుక్కని నమోదు చేయించుకోవాలంటే ఇప్పుడు ఏ కాగితం ప్రకారం వెళ్ళాలి అన్నది చెప్పలేదు.

బలుల దగ్గరికి వస్తే అసలు బండారం బయటపడుతుంది. 1960 కేంద్ర చట్టం 28వ సెక్షన్ ప్రకారం, ఒక మతాచారం కోరే పద్ధతిలో జంతువుని చంపితే అది ఆ చట్టం కింద నేరం కాదు. మద్రాసు రాష్ట్రం రోజుల్లో 1950లో చేసిన జంతు, పక్షి బలుల నిషేధ చట్టం ప్రకారం గుడిలో, గుడి ఆవరణలో బలి ఇవ్వడం నేరం, అది మనకి ఇప్పటికీ వారసత్వంగా ఉంది. మరి అమ్మవారి పండక్కి మేకపోతుని తోలుకెళ్ళేవాడు ఏ పేజీ చూసుకోవాలి? ఒకటి పుస్తకం మొదట్లో ఉంది, ఇంకోటి చివర్లో ఉంది. దీన్ని చూడండి, దాన్ని చూడండి అని రెండింటి మధ్య ఒక్క సూచన లేదు. ఒకటి ఆ పని తన కింద నేరం కాదంటోంది, అంతేగాని చేసుకోమని హక్కు ఇవ్వలేదు, ఇంకోటి సూటిగా వద్దంటోంది. కాబట్టి గుడి దగ్గర 1950దే పట్టుకుంటుంది అని నేను చదువుకున్న మేరకి అనిపించింది. నాలాంటివాడు ఊహించుకోవాల్సిన పనా ఇది? చట్టాలన్నీ తెచ్చి ఒక అట్టలో కుట్టారు గానీ ఒకదాంతో ఒకటి మాట్లాడించలేదు.

చేయలేక కాదు, ఎందుకంటే కోడిపందాల దగ్గర చేశారు. అక్కడ 1960 చట్టం 11వ సెక్షన్‌లో పందాలకి సంబంధించిన క్లాజులు, జూదం మీద 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం, 2016 చివర్లో సంక్రాంతికి ముందు హైదరాబాద్ హైకోర్టు ఇచ్చిన నిషేధం, జల్లికట్టు మీద 2014లోనూ 2023లోనూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు, అన్నీ వరసగా, దేనికి దేనితో సంబంధమో చెబుతూ రాశారు. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ పోటీల కోసం చట్ట సవరణలు చేసుకున్నాయి, 2023లో రాజ్యాంగ ధర్మాసనం వాటిని నిలబెట్టింది. కోళ్ళకి కత్తులు కట్టే పందానికి మన దగ్గర అలాంటి సవరణ ఏదీ లేదు కాబట్టి "వాళ్ళకి ఇచ్చారు, మనకెందుకివ్వరు" అనే వాదన చెల్లదు అని తేల్చేశారు. భోగి రోజు బరి దగ్గర ఎంతమంది ఈ అధ్యాయం చదువుతారో తెలీదు గానీ, మిగతా అధ్యాయాలన్నీ ఇలా రాసి ఉంటే నేను ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి. ఇంకా మాట్లాడితే, ఈ పని ప్రైవేటు ప్రచురణకర్త చేయాల్సింది కాదు. రాష్ట్రమే తన పాత చట్టాలన్నీ ముందేసుకుని, కేంద్రానిది ఎక్కడ ఆగుతుందో తనది ఎక్కడ మొదలవుతుందో చూసి, ఒక చట్టం, దాని కింద ఒక నిబంధనల పుస్తకం, ఫిర్యాదుకి ఒక ఆఫీసు అని చేసి పారేయొచ్చు. అప్పటిదాకా మనం 580 పెట్టి కొనుక్కోవాలి.

వస్తువు నాణ్యత గురించి రెండు ముక్కలు. కాగితం పర్వాలేదు. బైండింగ్ మాత్రం నాసి, కుక్కల అధ్యాయం దగ్గర నాలుగు రోజులు తెరిచి పెట్టేసరికి అక్కడే విడిపోయింది. ఇంగ్లీషు మూలం అక్షరాలు చీమల బారు. వెనక విషయసూచిక లేదు, ముందున్న దాంట్లో చట్టాల పేర్లే తప్ప కుక్క, ఆవు, గుర్రం అని వెతుక్కునే వీలు లేదు. ఎడ్లబండివాడికి ఎండలో, వేడి 37 డిగ్రీలు దాటే చోట, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎద్దుని పనిలో పెట్టకూడదన్న 1965 నాటి నిబంధన ఉంది చూశారూ, అది నాకు వేరేదేదో వెతుకుతుంటే దొరికింది. చట్టాల మూలాలు మాత్రమే కావాలంటే ప్రభుత్వం నడిపే ఇండియా కోడ్ సైట్‌లో ఉచితంగా ఉంటాయి. తెలుగు సారాంశాల కోసమే ఈ డబ్బు పెట్టాలి.

అనుబంధంలో ఒక పేజీ ఉంది, అది చట్టం కాదు, కానీ పుస్తకంలో అన్నింటికంటే విలువైనది అదే. కుక్క కరిస్తే ఏం చేయాలి. కారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, ఆకుపసర్లు పెట్టకూడదు. టీకా మొదటి రోజుని సున్నా అనుకుంటే, కండకి వేసేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేసేదైతే 0, 3, 7, 28 రోజుల్లో. చర్మం చీలి రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు, రేబిస్‌ని వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా వేయించుకోవాలి, అది అడిగి మరీ వేయించుకోండి. టీకా మధ్యలో ఆపొద్దు, "మా వీధి కుక్కే కదా" అని అసలే ఊరుకోవద్దు. నేను ఆ పేజీ జిరాక్స్ తీసి లిఫ్ట్ పక్కన అంటించాను. కింద ఎవరో "మామ్మగారి కుక్కలు కరవవు" అని పెన్నుతో రాశారు, చేతిరాత చూస్తే మామ్మగారిదే.

కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి: కొత్త ముద్రణ పనిలో ఉందని షాపాయన అన్నాడు, అందులో న్యాయ సంహిత సెక్షన్లూ, 2025 ఆదేశాలూ ఉంటాయట. తొందర లేనివాళ్ళు ఆగండి. గేటు దగ్గర గొడవ ఇవాళే నడుస్తుంటే ఇదే కొనుక్కుని, 428, 429 పేజీ మీద పెన్సిల్‌తో 325 అని రాసుకోండి. పాతది తిరిగిస్తే కొత్తదాని ధరలో సగం తగ్గిస్తానని ఆయన నాకు మాటిచ్చాడు. ఆ మాట బిల్లు వెనక రాయించి సంతకం కూడా పెట్టించుకున్నాను, మీరూ అలాగే చేయండి.